డబ్బాలో ఉన్న ఎర్రిస్వామి

ఉరవకొండ,
సోమవారం.

పూజ్యురాలైన అక్కయ్యకు సుజాత నమస్కారాలు.

నేను బాగున్నాను. ముందు ఆ మాట చదివేసి, కళ్లజోడు తుడుచుకుని, మిగతాది తీరిగ్గా చదువుకో. నీ మోకాలి నొప్పి ఎలా ఉంది? బావగారి దగ్గు నిజంగా తగ్గిందా, లేక తగ్గిందని అందరికీ చెప్పి పెరట్లోకి వెళ్లి దగ్గుతున్నారా? ఫోన్లో నేను అరవడం, నీకు వినపడకపోవడం, మధ్యలో బావగారు అందుకుని నేను పది మాటలు చెబితే రెండు మాటలు నీకు అందించడం, ఇదంతా ఎందుకని మళ్లీ కాగితమే పట్టుకున్నాను. చెవి సంగతి అశ్రద్ధ చేయకు. అమలాపురం వెళ్లి చూపించుకుంటానని దసరాకు ముందే అన్నావు.

నీ ప్రశ్నలకు జవాబులు. తిండి బాగానే ఉంది. పొద్దున్న ఉగ్గాని తింటున్నాను, అంటే నానబెట్టిన మరమరాలకు తాలింపు పెట్టి చేసేది, పక్కన మిరపకాయ బజ్జీ. మొదట్లో ఇదేం టిఫిను అనుకున్నాను గానీ, ఇప్పుడు అది లేని ఆదివారం వెలితిగా ఉంటోంది. రాత్రికి జొన్నరొట్టె, వేరుశనగ పొడి. చేపల సంగతి అడగొద్దు. ఎండ గురించి అడిగావు. ఎండ కంటే గాలి ఎక్కువ. ఊరి చుట్టూ గాలిమరలు తిరుగుతూ ఉంటాయి, ఆరేసిన చీరకు నాలుగు క్లిప్పులు పెట్టినా చివరికి పక్కింటి డాబా మీద వెతుక్కోవలసిందే. వాన ఈ ఏడు రెండుసార్లు వచ్చి పలకరించి పోయింది. మన వైపు వానల గురించి నేను విసుక్కున్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను.

మనుషులు మంచివాళ్లే, ఏదున్నా మొహం మీదే అంటారు. వచ్చిన రెండో రోజే కూరగాయలమ్మే ఆవిడ "ఏమ్మా, పెండ్లి కాలేదా, చేసుకోలేదా?" అని అడిగింది. ఆ రెండింటికీ తేడా ఉందని గుర్తించిన మొదటి మనిషి ఆవిడే. ఒంటరిగా అనిపిస్తోందా అని కూడా రాశావు. అనిపిస్తుంది. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా అనిపిస్తుంది, ఆ తర్వాత వంట పనిలో పడతాను. దిగులు పడకు, నిజంగా బాగానే ఉన్నాను.

ఇక ఇన్నాళ్లూ ఉత్తరం రాయకపోవడానికి కారణం ఒక డబ్బా. నా ఉత్తరాలు నువ్వు పక్కింటి వాళ్లకు కూడా చదివి వినిపిస్తావని తెలుసు కాబట్టి మొదటి నుంచి చెబుతాను. కాకినాడలో నేను పనిచేసిన ఫొటో ల్యాబు మూసేశాక, ఆల్బమ్‌లు చేసే మనిషి కావాలంటే ఇంత దూరం వచ్చాను కదా. స్టూడియో యజమాని పేరు చెన్నకేశవ. ఊరంతా కేశవన్న అంటారు, నేనూ అలాగే పిలుస్తాను. ఆయన భార్య నాగరత్నమ్మ. కింద స్టూడియో, పైన వాళ్ల ఇల్లు, ఆ పైన డాబా మీద నా గది. కేశవన్న ఫొటోలు తీస్తాడు, నేను వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి, ఏరి, రంగులు సరిచేసి ఆల్బమ్ కడతాను. పెళ్లిళ్లకు నన్నూ తీసుకెళ్తారు, పెళ్లికూతురి కుచ్చిళ్లు సర్దడానికి ఆడమనిషి ఉండాలని.

పైన ఇంట్లో, దేవుడి గది పక్క అలమరలో, ఆ నల్ల డబ్బా ఉంటుంది. కింద కంప్యూటర్లో చేరిన ప్రతి ఫొటోకూ ఒక నకలు రోజూ దానంతట అదే వెళ్లి ఆ డబ్బాలో దాక్కుంటుంది. కంప్యూటర్‌కూ డబ్బాకూ మధ్య నేరుగా వైరు లేదు. నెట్ కోసం ఇంట్లో రెండు కొమ్ముల పెట్టె ఒకటి పెడతారు, రౌటర్ అంటారు. ఈ రెండూ దానికి తగులుకుని, దాని ద్వారా మాట్లాడుకుంటాయి. కింద కంప్యూటర్ కొట్టు అనుకుంటే పైన డబ్బా గాదె. కొట్టు కాలిపోయినా గాదెలో గింజలుంటాయని కేశవన్న ధైర్యం.

దసరాకు రెండు రోజుల ముందు కొట్టు కాలిపోయింది. మంటేమీ రాలేదు. కరెంటు ఒక్కసారి ఎగిరి పడింది, కంప్యూటర్ లోపల టకటకమని చప్పుడయింది, అంతే. ఊళ్లో కంప్యూటర్లు బాగుచేసే బాషా వచ్చి చూసి, పాత డిస్కు పోయింది, అందులో ఏమీ మిగల్లేదని చెప్పి పట్టుకెళ్లాడు. కేశవన్న తొణకలేదు. "అన్నీ పైన డబ్బాలో ఉండాయి గదమ్మా, పండగ పోనీ" అన్నాడు. పండగ అయింది. బాషా కొత్త డిస్కు వేసి కంప్యూటర్ తెచ్చి ఇచ్చాడు. దాన్ని తెరిచి వెతికితే నెట్‌లో ప్రింటర్ కనిపించింది గానీ డబ్బా కనిపించలేదు. చూద్దాంలే, చూద్దాంలే అంటూ నాలుగు రోజులు గడిపేశాం. ఐదో రోజు ఆదివారం, హనుమక్క వచ్చింది.

హనుమక్క అంటే, శ్రావణంలో మేము ఫొటోలు తీసిన ఒక పెళ్లికూతురి తల్లి. బస్సులో గంట దూరం పల్లె. భర్త ఎర్రిస్వామి గొర్రెలు కాస్తాడు. ఆల్బమ్‌కు ఫొటోలు ఎంచుకోవడానికి రమ్మని మూడుసార్లు కబురు పెట్టినా వాళ్లు రాలేదు, గొర్రెలను వదిలి ఎవరొస్తారు? అందుకే ఆ పెళ్లి ఫొటోలు ఒక్కటి కూడా ప్రింటు వేయకుండా అలాగే ఉండిపోయాయి. ఆ రోజు ఆవిడ స్టూడియో మెట్టు మీద కూర్చుంది, లోపలికి రమ్మన్నా రాలేదు.

"మా ఆయప్ప పోయినాడప్పా" అంది.

కేశవన్న లేచి నిలబడ్డాడు. "యా పొద్దు పెద్దమ్మా?"

"మొన్న బేస్తవారం. గొర్రెల్ని తోలుకోని పోయి గాలిమర నీడన కూసున్నాడు. ఆ నీడ జరిగిపాయ, ఆయప్ప జరగలేదు, ఎండలోనే ఉండాడు. పక్క చేనోళ్లు చూసి అనుమానంతో వచ్చినారు." ఆవిడ ఏడవలేదు. బస్సు తప్పిపోయిన సంగతి చెబుతున్నట్టు చెప్పింది. "వచ్చే ఆదివారం పదకొండో దినం. ఇంట్లో ఆయప్ప పటం ఒగటన్నా లేదు. పెండ్లిలో మీరు తీసినారు గదా, యాడన్నా ఒక మూలన ఉంటాడు. అది ఇయ్యండి."

"ఆధార్ కార్డులో ఉండాది గదా పెద్దమ్మా. దాన్నే పెద్దది చేసిస్తా" అన్నాడు కేశవన్న.

"అది వద్దు. దాంట్లో ఆయప్ప గొర్రెపిల్లను పోగొట్టుకున్నోని మాదిరి ఉండాడు."

"బిడ్డ ఫోన్లో చూసినారా?"

"చూసినాము. అందరూ ఉండారు దాంట్లో. ఆయప్పది సగం చెయ్యి ఉండాది."

కేశవన్న నా వైపు చూశాడు, నేను కంప్యూటర్ వైపు చూశాను. కెమెరా కార్డులు అప్పటికే తుడిచేసి మూడు పెళ్లిళ్లకు వాడుకున్నాం. పాత డిస్కు పోయింది. అంటే ఎర్రిస్వామి మొహం ఎక్కడైనా మిగిలి ఉంటే అది పైనున్న డబ్బాలోనే ఉండాలి, ఆ డబ్బా ఏమో కంప్యూటర్‌కు దొరకడం లేదు. ఈ మాట ఆవిడకు చెప్పలేదు. "శుక్రవారం రా పెద్దమ్మా, చూసుకుందువు" అని కేశవన్న ధీమాగా చెప్పి పంపించాడు. ఆవిడ మలుపు తిరిగాక కుర్చీలో కూలబడి "దొరకకపోతే ఏం మొహం పెట్టుకోని చెప్పల్లమ్మా?" అన్నాడు.

సోమవారం పొద్దున్నే ముందుగా చేసిన పని బాషాను తిట్టడం. "ఏమప్పా బాషా, ఏం పెట్టి ఇచ్చినావు? డబ్బా కనపడకుండా పోయె" అని కేశవన్న ఫోన్లో అరిచాడు. బాషా వచ్చాడు. నెమ్మది మనిషి. "అన్నా, నేను డిస్కు వేసినా. డబ్బాను నేను ముట్టుకోనే లేదు" అన్నాడు. అయినా కూర్చుని గంటసేపు ఏవేవో తెరిచి చూశాడు. ఇతర యంత్రాలను చూడనివ్వమని కంప్యూటర్‌కు చెప్పే మీటలన్నీ నొక్కాడు. ప్రింటర్ కనిపిస్తోంది, డబ్బా లేదు. కేశవన్న ఇంకో రెండు మాటలన్నాడు. బాషా నాగరత్నమ్మ తెచ్చిన టీ ముట్టుకోకుండా వెళ్లిపోయాడు. ఇక్కడ టీ వద్దనడమంటే మామూలు కోపం కాదు.

మంగళవారం అన్నీ ఆపి మళ్లీ వేశాం. ముందు రౌటర్, తర్వాత డబ్బా, చివర్లో కంప్యూటర్, ఒక్కోదానికీ మధ్య ఐదు నిమిషాలు. డబ్బా ముందు వైపున్న నీలం దీపాలు రెండూ చక్కగా వెలుగుతున్నాయి, చెవి పెట్టి వింటే లోపల చిన్నగా తిరుగుతున్న చప్పుడు. అంటే అది బతికే ఉంది, పిలిస్తే మాత్రం పలకదు. పేరు పెట్టి పిలవడం మానేసి దాని నంబరు కొట్టి చూశాను. ప్రతి యంత్రానికీ నెట్‌లో ఒక నంబరు ఉంటుంది, మన ఇంటి నంబరు లాంటిది. దానికీ జవాబు లేదు. ఎర్రిస్వామిని నేను పెళ్లిలో ఒక్క పూట చూశాను, మొహం కూడా సరిగ్గా గుర్తు లేదు. అయినా ఆవిడ మెట్టు మీద కూర్చున్న తీరు కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

బుధవారం బళ్లారిలో ఉన్న ఆయనకు ఫోన్ చేశాం. మొదట్లో ఈ డబ్బా తెచ్చి బిగించింది ఆయనే. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడతాడు గానీ విషయం ఇట్టే పట్టుకుంటాడు. "అమ్మా, నువ్వు కంప్యూటర్ని అడిగి లాభం లేదు. రౌటర్ని అడుగు. దానికి ఎవరెవరు తగులుకోని ఉండారో పట్టీ ఉంటాది" అన్నాడు. ఆ పట్టీ ఎలా తెరవాలో చెప్పాడు, తెరిచాను. కేశవన్న ఫోను, నాగరత్నమ్మ ఫోను, నా ఫోను, టీవీ, ప్రింటరు, కంప్యూటరు. డబ్బా పేరు లేదు.

అది చూడగానే సగం సంగతి తేలింది. డబ్బా అసలు రౌటర్‌కే కనిపించనప్పుడు కంప్యూటర్ దాన్ని ఎక్కడి నుంచి తెస్తుంది? తప్పు కంప్యూటర్‌ది కాదు, బాషాది అంతకంటే కాదు. ఈ మాట బాషాకు చెప్పమని కేశవన్నతో అన్నాను. "చెప్తాలేమ్మా, దొరకనీ" అన్నాడు.

గురువారం డబ్బాకూ రౌటర్‌కూ మధ్యనున్న వైరు మార్చాం. ప్రింటర్‌ది పీకి దీనికి పెట్టాం. ఏమీ మారలేదు. మళ్లీ బళ్లారికి ఫోన్ చేస్తే ఆయన "వైరు గుచ్చిన తావ, యానక పక్క, ఆకుపచ్చ దీపం వెలుగుతాందా?" అని అడిగాడు. ఇన్ని రోజులూ మేము ముందు వైపు దీపాలే చూస్తున్నాం. వెనక వైపు గోడకు ఆనుకుని ఉంటుంది. డబ్బాను అలమరలోంచి బయటికి లాగి తిప్పాను. ఆకుపచ్చ దీపం లేదు. వైరు పీకి, ఫోన్ లైటు వేసి ఆ కన్నంలోకి చూశాను. సన్నని ఇత్తడి తీగలుండాల్సిన చోట పచ్చగా, గట్టిగా ఏదో పేరుకుని ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే గంధం వాసన.

అక్కయ్యా, ఈ పేరా మాత్రం పక్కింటి వాళ్లకు చదవకు. దసరాకు ఇక్కడ ఆయుధపూజ మన వైపు కంటే చాలా గట్టిగా చేస్తారు. అన్నం పెట్టే ప్రతి వస్తువునూ కడిగి, తుడిచి, గంధం పూసి, కుంకుమ పెట్టి, పువ్వు పెట్టి, మర్నాటి దాకా ముట్టుకోకుండా విశ్రాంతి ఇస్తారు. కెమెరాలు, ఆల్బమ్ కత్తిరించే కత్తి, బండి, నీళ్ల మోటారు, ఆఖరికి మిక్సీ కూడా. నాగరత్నమ్మ పెద్ద గిన్నె నిండా గంధం కలిపి సగం నా చేతికిచ్చింది. మనం బొట్టులా పెడతాం కదా, వీళ్లు మూడు వేళ్లతో మూడు అడ్డగీతలు లాగుతారు. డబ్బా దగ్గరికి వచ్చేసరికి "ముందర పూయద్దమ్మా, దీపాలు మూసుకుంటాయి" అని నాగరత్నమ్మ చెప్పింది. అందుకని నేను వైర్లన్నీ తీసి, డబ్బాను తిప్పి, వెనక వైపు మూడు గీతలు దిట్టంగా లాగాను. ఏడాది తిరక్కుండానే ఎంత బాగా నేర్చుకున్నానో అని ఆవిడ మెచ్చుకుంది కూడా. మర్నాడు వైర్లు గుచ్చింది కూడా నేనే. ఒకటి బిగువుగా వెళ్లింది. సరిగ్గా కూర్చోలేదేమోనని ఇంకాస్త నొక్కాను. కంప్యూటర్ల మీద ఇన్నేళ్లు పని చేసిన దాన్ని, కన్నాలున్న వైపు తడి గంధం పూయకూడదని ఆ క్షణంలో తోచలేదంటే నమ్ము.

కేశవన్నకు దాచకుండా చెప్పాను. "పూసింది నేను, గుచ్చింది నేను, తిట్లు తిన్నది బాషా" అన్నాను.

"నేను చెప్పబట్టే గదా ఆయమ్మ యానక పూసింది" అని నాగరత్నమ్మ అడ్డం వచ్చింది.

కేశవన్న మా ఇద్దరినీ చూసి, "ఒక పొద్దు విశ్రాంతి ఇయ్యమంటే నెల్లాళ్లు ఇచ్చేతట్టు ఉండారు" అన్నాడు. నవ్వుతూనే ఒక పిన్నీసు తెచ్చి గోకబోయాడు. నేను లాక్కున్నాను. లోపలి తీగలు వెంట్రుకల్లా ఉంటాయి, వంగితే ఇక అంతే. కరెంటు పూర్తిగా తీసేసి, కొత్త బ్రష్షుతో పొడిపొడిగా రాల్చాను. తర్వాత చీపురుపుల్లకు దూది చుట్టి, కెమెరా అద్దాలు తుడిచే స్పిరిట్‌లో ముంచి, తీగల వెంట నెమ్మదిగా తుడిచాను. అరగంట పట్టింది. రాలిన పొడిని నాగరత్నమ్మ ఒక తమలపాకులో పట్టి తులసికుండీలో వేసింది. "దేవునిది గదా, కసువులో వేయగూడదు" అంది.

ఆరనిచ్చి, వైరు గుచ్చి, కరెంటు వేశాం. రెండు నిమిషాలు ఏమీ లేదు. తర్వాత వెనక వైపు ఆకుపచ్చ దీపం ఒకసారి మినుకుమని, నిలిచి వెలిగింది. నేను మెట్లు రెండేసి దిగి కిందికి పరుగెత్తాను. కంప్యూటర్లో ప్రింటర్ పేరు కింద డబ్బా పేరు వచ్చి ఉంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. కేశవన్న వెంటనే బాషాకు ఫోన్ చేసి, "రాప్పా, టీ తాగి పో" అన్నాడు. బాషా వచ్చి రెండు టీలు తాగాడు, మొన్నటిదీ కలిపి.

శుక్రవారం హనుమక్క వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. పెళ్లి ఫొటోలు మూడు వేల చిల్లర. అందులో ఎర్రిస్వామి ఉన్నవి ఎనిమిది. రెండింట్లో కళ్లు మూసుకున్నాడు. ఒకదాంట్లో పూలదండ అడ్డం. మిగతావి బాగానే ఉన్నాయని నాకనిపించింది. చేతులు తొడలకు ఆనించి, కొత్త చొక్కాలో నిటారుగా నిలబడ్డాడు.

"ఇది బాగుంది కదా?" అన్నాను.

ఆవిడ తెరకు దగ్గరగా వంగి చూసింది. "ఆయప్పే. కానీ ఆయప్ప మాదిరి లేడు" అంది.

ఒక్కొక్కటే ఎనిమిదీ చూపించాను. ఎనిమిదింటికీ అదే మాట. ఇంకేమీ లేవని చెప్పబోయి ఆగాను. ఆల్బమ్‌కు పనికిరావని నేను పెళ్లయిన మర్నాడే తీసి పారేసిన ఫొటోలు కొన్ని ఉంటాయి. లైటు చూసుకోవడానికి తీసినవి, చెయ్యి అడ్డం పడినవి. కంప్యూటర్లోంచి నేను తుడిచేసినా డబ్బా వాటిని పారేయదు, విడిగా దాస్తుంది. వాటిని తెరిచాను.

నాలుగో వరసలో ఉన్నాడు. పందిరి గుంజ పక్కన, భుజం మీద నల్ల కంబళి వేసుకుని, ఎవరితోనో ఏదో అంటూ నోరంతా తెరిచి నవ్వుతున్నాడు. ముందు పన్ను ఒకటి లేదు.

"ఇదో!" అంది హనుమక్క. "ఈడుండాడు."

వేలు తెర మీద పెట్టి అలాగే ఉంది. అప్పుడు ఏడ్చింది. నేను లేచి నీళ్లు తెద్దామనుకుంటుండగా నా చెయ్యి తగిలి తెర మీదికి తర్వాతి ఫొటో వచ్చింది. అదే గుంజ, అదే మనిషి, నవ్వు ఆగిపోయింది. పక్క నుంచి ఒక ఆడ చెయ్యి వచ్చి భుజం మీది కంబళిని లాగుతోంది. ఆ చేతికున్న గాజులు నావి.

అప్పుడు గుర్తొచ్చింది. గదిలో పెళ్లికూతురు అనితకు కుచ్చిళ్లు సర్దుతుంటే, "అక్కా, మా నాయన కంబళి తీసేయించక్కా, మా అత్తోళ్ల పక్కోళ్లంతా దాన్నే చూస్తాండారు" అని బతిమాలింది. నేను వెళ్లి "తీసెయ్యండి, ఫొటోలు బాగుండవు" అంటూ కంబళి లాగేశాను. ఆయన ఒక్క మాట అనకుండా ఇచ్చేశాడు. ఆ తర్వాతే ఆ ఎనిమిది ఫొటోలు తీసింది.

"ఈ చెయ్యి ఎవురిది?" అంది హనుమక్క.

"నాదే."

ఆవిడ కోప్పడలేదు. కళ్లు తుడుచుకుని, "ఎండాకాలంలో గూడా తీసేటోడు కాదు. ఇన్నేండ్లు నేను చెప్పినా ఇనలేదు. నీ మాట ఇన్నాడు" అంది. నాకు చాలా సిగ్గేసింది అక్కయ్యా. అనిత అడిగిందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది గానీ చెప్పలేదు.

"ముందుదే ఇయ్యమ్మా. ఎట్లుండాడో అట్లే" అని చెప్పి ఆవిడ బస్సుకు వెళ్లిపోయింది. గంట తర్వాత అనిత ఫోన్ చేసింది. అమ్మ చెప్పిందట. "అక్కా, కంబళి తీసేసి తెల్ల చొక్కా, కండువా వేయి. దినానికి మా అత్తోళ్లు వస్తారు" అంది. అది మాకు మామూలు పనే. మా కంప్యూటర్లో ఒక తెల్ల చొక్కా ఉంది. నేను వచ్చాక ఈ చుట్టుపక్కల పోయిన మగవాళ్లలో సగం మంది ఆ చొక్కాలోనే గోడల మీద ఉన్నారు. మొహం ఒకరిది, చొక్కా అందరిదీ, వెనక నీలం ఆకాశం. అలా చేసి ఇస్తే జనం సంతోషిస్తారు. "బిడ్డ అడిగినట్ల చేసెయ్యమ్మా, పది నిమిషాల పని" అన్నాడు కేశవన్న.

పది నిమిషాల్లో చేశాను కూడా. బాగానే కుదిరింది. కానీ ఆ నవ్వుకూ ఆ చొక్కాకూ పొత్తు లేదు, ఎవరి బట్టలో అరువు తెచ్చుకుని నవ్వుతున్నట్టుంది. పైగా ఆ కంబళిని నేను ఒకసారి లాగేశాను, రెండోసారి కూడా నా చేత్తోనే తీయడం నా వల్ల కాలేదు. అది పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు పెద్దది చేసి ప్రింటు వేశాను. కేశవన్న చూసి "నీకు, ఆ బిడ్డకు మధ్య నన్ను ఇరికించద్దు, నువ్వే పోయి ఇచ్చిరా" అన్నాడు.

నిన్న ఏం జరిగిందో చెప్పే ముందు, మరిచిపోతానని ఇక్కడే రాసేస్తున్నాను. ఎండురొయ్యలు కొంచెం పంపు. కిందింట్లో నీచు వండరు గానీ డాబా మీద నేను వండుకుంటే అభ్యంతరం లేదన్నారు, గాలి వాసనను ఎలాగూ ఉంచదు. కొబ్బరినూనె ఒక సీసా పంపు, ఇక్కడి నీళ్లకు జుట్టు గడ్డిలా అవుతోంది. పెద్దమ్మగారికీ బావగారికీ నా నమస్కారాలు చెప్పు. పిల్లలకు ముద్దులు. చెవి చూపించుకో.

నిన్న ఆదివారం పటం బట్టలో చుట్టుకుని బస్సెక్కాను. ఇంటి ముందు షామియానా, గొర్రెలు దొడ్లోనే అరుస్తున్నాయి, ఎవరూ తోలుకెళ్లలేదు. అనిత గుమ్మంలోనే ఎదురొచ్చి నా చేతిలోంచి పటం తీసుకుని బట్ట విప్పింది. నేను తిట్లకు సిద్ధపడే వెళ్లాను. లోపల వాళ్ల అత్తగారి తరఫు వాళ్లు విస్తళ్ల ముందు కూర్చుని ఉన్నారు, అందరికీ వినపడే దూరంలోనే.

అనిత పటం అలా పట్టుకునే నిలబడింది. కొంగుతో అద్దాన్ని తుడిచింది, మొహం దగ్గర ఒకసారి, భుజం దగ్గర రెండుసార్లు.

"ఆ పొద్దు తీసేయించమన్నది నేనే గదక్కా" అంది.

"తీసింది నేను" అన్నాను.

పటం తీసుకెళ్లి పీట మీద పెట్టి దండ వేసింది. దండను కంబళి కనపడేలా ఒక పక్కకు జరిపింది. హనుమక్క దూరం నుంచి చూసి మళ్లీ వడ్డనలో పడింది. నేను భోంచేసి బయల్దేరుతుంటే అనిత బస్సు దాకా వచ్చింది. బస్సు కనిపించాక నా చెయ్యి పట్టుకుని, "అక్కా, ఇట్లాంటిదే ఇంగొకటి కావల్ల" అంది.

"మీ అమ్మకా?"

"నాకే. మా అత్తోళ్లింటికి తీసుకోని పోతా. పడసాలలో పెట్టుకుంటా, లోపలికొచ్చేటోళ్లకు అందరికీ కనపడల్ల. చొక్కా గిక్కా ఏం వద్దు. కంబళితోనే ఇయ్యి."

పొద్దున్నే లేచి అది ప్రింటు వేసి, ఆరబెట్టి, ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. నువ్వూ బావగారూ నన్ను తలుచుకుని ఒకసారి దీవించండి, ఇంత దూరానికీ అందుతుంది.

ఇట్లు,
నీ చెల్లెలు
సుజాత